పెళ్లి ఫొటోల బ్యాకప్‌కి ట్యాబ్, హబ్ సరిపోతాయా? ల్యాప్‌టాప్ ఉండాల్సిందేనా?

బ్రాడీపేట లెన్స్: గుంటూరులో మాది పెళ్లి ఫొటోల స్టూడియో. అసిస్టెంట్లు మండపంలోనే ఐప్యాడ్‌కి హబ్ (ఒకే పోర్టుకి కార్డు, డిస్క్ రెండూ తగిలించే పెట్టె) తగిలించి, కెమెరా కార్డులోని ఫొటోలు హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తున్నారు. నిరుడు తలంబ్రాల ఫొటోలు కాపీ అవుతుండగా డిస్క్ కట్ అయింది. సగం ఫైళ్లు తెరుచుకోలేదు. పెళ్లికూతురి నాన్నగారికి జవాబు చెప్పుకున్నది నేను. ల్యాప్‌టాప్ లేకుండా రావద్దన్నాను.

కృష్ణలంక కుర్రాడు: అన్నా, అది లైట్నింగ్ పోర్టు (ఆపిల్ పాత ఛార్జింగ్ పోర్టు) ఐప్యాడేనా? ఆ పోర్టు ఇచ్చే కరెంటు తిరిగే హార్డ్ డిస్క్‌కి చాలదు. ఛార్జర్ గుచ్చే చోటున్న అడాప్టర్ గానీ, విడిగా కరెంటు తీసుకునే హబ్ గానీ వాడాలి. 2019లో ఐప్యాడ్ ఓఎస్ 13 వచ్చినప్పటి నుంచి ఫైల్స్ యాప్‌లో బయటి డిస్కులు తెరుచుకుంటున్నాయి.

బ్రాడీపేట లెన్స్: మండపంలో ప్లగ్ పాయింట్లన్నీ వీడియో లైట్లవాళ్లవే. నీ హబ్‌కి కరెంటు ఎక్కడిది? ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది.

కృష్ణలంక కుర్రాడు: పవర్ బ్యాంక్ ఉందిగా.

తెనాలి క్లిక్: నా డిస్క్ కనిపిస్తోంది, కాపీ మాత్రం అవడం లేదు. ఎందుకు?

కృష్ణలంక కుర్రాడు: ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫార్మాట్) డిస్క్ అయి ఉంటుంది. ఐప్యాడ్ దాన్ని చదువుతుంది, రాయదు. డేటా వేరేచోట దాచి, ఐప్యాడ్ రాయగలిగే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కి మార్చండి.

బ్రాడీపేట లెన్స్: చూశారా, ఎన్ని తంటాలో! 2022 మామూలు ఐప్యాడ్‌కి (ప్రో, ఎయిర్ కాదు) టైప్-సి ఉన్నా స్పీడ్ పాత యూఎస్‌బీ 2.0దే. 64 జీబీ కార్డుకి అరగంట పైమాటే. ఈలోగా అప్పగింతలు కూడా అయిపోతాయి.

కృష్ణలంక కుర్రాడు: స్పీడ్ సంగతి తర్వాత. డిస్క్ కట్ అయినా ఒరిజినల్స్ కార్డులో ఉండాలి కదా! ఎలా పోయాయి?

బ్రాడీపేట లెన్స్: రిసెప్షన్‌కి కార్డు కావాలని ఫార్మాట్ కొట్టారు.

కృష్ణలంక కుర్రాడు: అయితే ఫొటోలు పోయింది ఫార్మాట్ వల్ల. ల్యాప్‌టాప్ ఉన్నా పోయేవే. ఇంకో కార్డు ఎవరు కొనాలి? నేనూ అసిస్టెంట్‌నే. ట్యాబ్ మాది, డిస్క్ మాది, కార్డులు మావి. ఏదైనా పోతే కూలి కోత కూడా మాకే. పైగా ల్యాప్‌టాప్ కూడా మేమే కొనాలా?

బ్రాడీపేట లెన్స్: సామాను ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. గుంటూరైనా బెజవాడైనా ఇదే పద్ధతి. నేనూ అలాగే పైకొచ్చాను.

కృష్ణలంక కుర్రాడు: ఆ పద్ధతే వద్దంటున్నాను. పెళ్లివారి దగ్గర డబ్బు తీసుకునేది స్టూడియో. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్క్), కరెంటు హబ్, రెండు కార్డులు స్టూడియోనే కొనాలి. అవి చేతికిచ్చాక ఫైళ్లు పోతే నన్ను అడగండి, జవాబు చెబుతాను.

పటమట ఫ్లాష్: మా ఓనర్ డిస్కులు, కార్డులు ఆయనే ఇస్తారు. ఫార్మాట్ మాత్రం మమ్మల్ని కొట్టనివ్వరు. ఫైళ్లు తెరిచి చూసుకుని ఆయనే కొడతారు.