12,000 డాలర్లు: బియ్యం కొనాలా, లెక్కల మనిషిని పెట్టాలా?

ఒహాయో కోశాధికారి:
మా ఊళ్లో ఒక చిన్న ఉచిత సరుకుల కేంద్రం ఉంది. వారానికి రెండు రోజులు పంపిణీ. నేను దాని బోర్డులో కోశాధికారిని. 2025 మార్చిలో అమెరికా వ్యవసాయ శాఖ, స్థానిక రైతుల దగ్గర కొని ఫుడ్ బ్యాంకులకు ఇచ్చే పథకాన్ని రద్దు చేసింది. అప్పటినుంచి మా కూరగాయల గంపలు సగానికి మించి నిండలేదు. కౌంటీ ద్వారా వచ్చే ఫెడరల్ గ్రాంటు ఇంకొకటి ఉంది. అది ముందు మేం ఖర్చుపెట్టి, తర్వాత బిల్లు పెట్టుకునే రకం. ఆ బిల్లుల డబ్బు ఎప్పుడు వస్తుందో చెప్పేవాళ్లు లేరు.

దీపావళికి ఇరవై తెలుగు కుటుంబాలం కలిసి 12,000 డాలర్లు పోగు చేశాం. అందరూ సరుకులు కొందామంటున్నారు. గ్రాంటు కాగితాలు తెలిసిన లెక్కల మనిషిని కొన్ని నెలలు పెట్టుకుందామని నేనంటున్నాను. ఇంట్లో ఓటింగులోనే ఓడిపోయాను. మీరేమంటారు?

అన్నపూర్ణ:
మీ ఇంట్లోవాళ్లదే సరైన మాట. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా, 43 రోజులు అమెరికా ప్రభుత్వం మూతపడింది. సుమారు 4.2 కోట్ల మందికి అందే స్నాప్ ఆహార సాయం నవంబరులో తలకిందులైంది. మా ఊరి కేంద్రం ముందు కార్ల వరుస పెట్రోలు బంకు దాటింది. అందులో ఆసుపత్రి యూనిఫాంతో వచ్చినామె కూడా ఉంది. ఆమెకు లెడ్జరు చూపిస్తారా? దాతలు అన్నానికని ఇచ్చారు, అన్నమే పెట్టండి.

పాత ఆడిటర్:
అన్నపూర్ణ గారి కోపం న్యాయమైనదే. కానీ లోటు కొలత చూడండి. ఫుడ్ బ్యాంకులు ఒక పూట భోజనం పెడితే స్నాప్ తొమ్మిది పూటలు పెడుతుందని ఫుడ్ బ్యాంకుల జాతీయ సమాఖ్య ఫీడింగ్ అమెరికా చెప్పే లెక్క. ఆ తొమ్మిదిలో ఒక్కటి తగ్గినా దాన్ని విరాళాలతో పూడ్చడం సముద్రంలో కాకిరెట్ట.

నేను రెండు సంస్థలకు ఉచితంగా లెక్కలు చూస్తాను. 2025లో వాళ్లను గడగడలాడించింది గ్రాంటు రద్దు కన్నా చేతిలో నగదు లేకపోవడం. ఆ ఏడాది జనవరి 27న వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయం ఫెడరల్ సాయం నిలిపివేయమని రెండు పేజీల మెమో ఇచ్చింది. మర్నాడు సాయంత్రం 5 గంటలకు గడువు. దానికి కొద్ది నిమిషాల ముందు వాషింగ్టన్‌లో న్యాయమూర్తి లోరెన్ అలీఖాన్ తాత్కాలికంగా ఆపారు. 29న మెమోనే వెనక్కి తీసుకున్నారు. అన్నీ కలిపి మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో నేను చూసే ఒక సంస్థ జీతాలివ్వడానికి డైరెక్టరు క్రెడిట్ కార్డు తీసింది. అప్పటికి ఆరు వారాల బిల్లులు పెట్టకుండా సొరుగులో ఉన్నాయి! ప్రతి వారం బిల్లు పెట్టి ఉంటే ఆ అవస్థే లేదు.

రద్దు లేఖ వచ్చినా అంతటితో అయిపోదు. 'ఈ గ్రాంటు ఇక శాఖ ప్రాధాన్యాలకు సరిపోవడం లేదు' అనే నిబంధనను చూపి చాలా లేఖలు వచ్చాయి. రద్దు తేదీ దాకా అయిన సక్రమమైన ఖర్చు అడిగే హక్కు అప్పటికీ ఉంటుంది. ముగింపు కాగితాలకు నేరుగా గ్రాంటు పొందినవాళ్లకు 120 రోజులు, కౌంటీ ద్వారా పొందిన మీలాంటివాళ్లకు 90 రోజులు. ఈ తేడా తెలియక గడువు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

స్వతంత్రుడు:
ఎవరూ అడగని మాట నేనడుగుతాను. సర్కారు డబ్బు మీద బతకమని ఎవరు చెప్పారు? మన గుళ్లు నడవడం లేదా?

పాత ఆడిటర్:
గుడికి దాతలే భక్తులు. సరుకుల కేంద్రానికి వచ్చేవాళ్లు దాతలు కాలేరు గదా స్వామీ.

నారాయణగూడ వాసి:
హైదరాబాదు నుంచి రాస్తున్నాను. 2021లో ఇక్కడ మిత్ర్ క్లినిక్ తెరిచారు. ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలో వచ్చిన తొలి క్లినిక్. అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ డబ్బుతో నడిచింది. 2025 జనవరిలో వాషింగ్టన్ విదేశీ సాయం ఆపగానే ఇక్కడ తలుపు మూసుకుంది. లెక్కలు బాగాలేక కాదు, ఒకే చేతి అన్నం తిన్నందుకు. కాబట్టి ఆడిటర్ గారి మందు సగం రోగానికే. మన దేశంలోనూ 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చి, పాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు, ఒక సంస్థ ఇంకో సంస్థకు ఆ డబ్బు ఇవ్వడం నిషేధించారు. పెద్ద సంస్థల మీద ఆధారపడిన పల్లె సంఘాలు ముందు దెబ్బతిన్నాయి.

న్యాయవాద విద్యార్థి:
జనవరి మెమోను ఆపించిన దావా వేసింది నేషనల్ కౌన్సిల్ ఆఫ్ నాన్‌ప్రాఫిట్స్, దానితో కలిసిన సంఘాలూ. చిన్న కేంద్రాలు కోర్టుకు వెళ్లలేవు, సరే. కానీ చట్టసభ సభ్యుడికి గోడు చెప్పుకోవడానికి కూడా జంకుతున్నాయి. అమెరికా పన్ను చట్టంలో 501(సి)(3) కింద పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థలు ఎన్నికల్లో అభ్యర్థులను బలపరచకూడదు, వ్యతిరేకించకూడదు, అంతే. చట్టాల మీద మితంగా లాబీయింగ్, అంటే సభ్యులను ఒప్పించే ప్రయత్నం, చేయవచ్చు. అదే చట్టంలో 501(హెచ్) కింద ఒక ఫారం నింపితే ఏడాదిలో మొదటి 5 లక్షల డాలర్ల ఖర్చులో 20 శాతం దాకా అందుకు వెచ్చించవచ్చు. కోశాధికారి గారూ, మీ బోర్డు ఆ ఫారం వేసిందా?

ఒహాయో కోశాధికారి:
వేయలేదు. అలాంటిదొకటుందని ఇప్పుడే తెలిసింది.

పాత ఆడిటర్:
నా సలహా ఇది. 12,000 మొత్తం జీతానికి పెట్టకండి. కేంద్రానికి విరాళంగా ఇచ్చి, కొంత భాగం విడిగా ఉంచాలని రాతపూర్వకంగా షరతు పెట్టండి. ప్రభుత్వ బిల్లు ఆలస్యమైనప్పుడు అందులోంచి చేబదులు తీసుకుంటారు, డబ్బు రాగానే తిరిగి వేస్తారు. లెక్కలు వారానికి నాలుగు గంటలు నేనే చూస్తాను, ఆన్‌లైన్లో.

అన్నపూర్ణ:
బిల్లు ఎప్పటికీ రాకపోతే?

పాత ఆడిటర్:
అప్పుడది సరుకులకు ఖర్చయినట్టే. మీరు అడిగింది అదే కదా!

ఒహాయో కోశాధికారి:
గురువారం బోర్డు సమావేశం. 7,000 చేబదులు నిధికి, 5,000 సరుకులకు అని పెడతాను. ఒకే చేతి అన్నం గురించి నారాయణగూడ వాసి గారన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. మా రాబడిలో సగం పైన ప్రభుత్వమనే ఆ ఒక్క చేతిదే. ఆ 5,000తో రేపే సోనా మసూరి బస్తాలు తెప్పిస్తున్నాను.

అన్నపూర్ణ:
ఆగండి! సోనా మసూరి మనకు. అక్కడికి వచ్చేవాళ్లను ఒకసారి అడిగారా? మా దగ్గర ముందు అయిపోయేవి వేరుసెనగ వెన్న డబ్బాలు, పిల్లల డైపర్లు.