పునఃప్రసారాల్లో కామెడీ సీరియల్ టైటిల్ పాట ఎందుకు చిక్కిపోతుంది?

ప్రశ్న – చిక్కడపల్లి వాసి

మా అమ్మ ఇరవై ఏళ్ల కిందట ఆదివారాల్లో రికార్డు చేసి దాచిన వీడియో క్యాసెట్లను ఈ మధ్యనే కంప్యూటరులోకి ఎక్కించాను. వాటిలో ఉన్న ఒక తెలుగు కామెడీ సీరియల్‌ను ఇప్పుడు ఒక ఛానల్ మధ్యాహ్నాల్లో మళ్లీ వేస్తోంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే టైటిల్ పాట క్యాసెట్‌లో 58 సెకన్లు, ఇప్పటి ప్రసారంలో 14 సెకన్లు వచ్చింది. పాతదానిలో కథానాయకుడు స్కూటరును మూడుసార్లు తంతే గాని అది స్టార్ట్ కాదు, ఆ మూడు తన్నులకూ డోలక్ మీద మూడు దెబ్బలు పడతాయి. కొత్తదానిలో మొదటి తన్నుకే బండి కదిలిపోతుంది, దానితోపాటు నవ్వూ పోయింది. పాటను కోశారా, వేగం పెంచారా? ఇంత చిన్న పాటలో మిగుల్చుకునేది ఏముంటుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు – కృష్ణానగర్ ఎడిటర్

పన్నెండేళ్లు ఎడిటింగ్ సూట్‌లో కూర్చున్నవాణ్ని కనుక, ఈ నేరంలో నాకూ భాగం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. మన కేబుల్ టెలివిజన్ నిబంధనల ప్రకారం వాణిజ్య ప్రకటనలు 10 నిమిషాలు, ఛానల్ సొంత ప్రచారం 2 నిమిషాలు, వెరసి గంటకు 12 నిమిషాలు మించరాదు. ఆ లెక్కన అరగంట స్లాట్‌లో 6 నిమిషాలు పోగా కార్యక్రమానికి 24 నిమిషాలు మిగులుతాయి. పాత ఎపిసోడు ఇరవైఐదున్నర నిమిషాలుంటే ఎక్కడో ఒకచోట 90 సెకన్లు తీయక తప్పదు. సన్నివేశంలో కోస్తే, ముందు వేసిన ముడి పోయి తరువాతి నవ్వు అర్థం కాదు. టైటిల్‌లో కోస్తే కథకు దెబ్బ తగలదు, పైగా ఒక్కసారి కోసిన టైటిల్‌ను వందల ఎపిసోడ్లకు అతికించుకోవచ్చు. అందుకే కత్తెర ముందు అక్కడికే వెళుతుంది.

కోత ఎక్కడపడితే అక్కడ పెట్టడానికి వీల్లేదు. పల్లవి చివర, తాళం సమం మీదికి, అంటే తాళం మళ్లీ మొదలయ్యే దెబ్బ మీదికి వచ్చే చోటు వెతికి, అక్కడి నుంచి నేరుగా ముగింపు సంగీతంలోకి దూకి, అతుకు వినపడకుండా నాలుగైదు ఫ్రేముల మేర ఒక శబ్దాన్ని తగ్గిస్తూ మరొకదాన్ని పెంచుతాము. పాటకు వేరే ట్రాక్ లేకుండా అన్ని శబ్దాలూ కలిపేసిన మాస్టర్ (అసలు ప్రతి) మాత్రమే చేతికి వస్తే, స్కూటరు శబ్దం కూడా పాటతోపాటే తెగిపోతుంది. మీ డోలక్ దెబ్బలు బహుశా అలాగే పోయి ఉంటాయి. సిరివెన్నెల రాసి, కల్యాణి మాలిక్ స్వరపరిచిన ‘అమృతం’ టైటిల్ పాట వంటిదైతే ఎవరైనా జంకుతారు, ఎందుకంటే అది జనానికి నోటికి వచ్చు.

జవాబు – తార్నాక

అమెరికాలో ఈ కథ ఇంకా పాతది. 1960లలో అక్కడి అరగంట కామెడీ 25 నిమిషాల పైచిలుకు ఉండేది, ఇప్పుడు 21, 22 నిమిషాలకు దిగింది. 1982లో మొదలైన ‘చీర్స్’ పాటకు దాదాపు నిమిషం ఇచ్చారు. దాని నుంచి పుట్టి 1993లో వచ్చిన ‘ఫ్రేజర్’ మొదట్లో కొన్ని స్వరాలు మాత్రమే వినిపించి, అసలు పాటను చివరి పేర్ల మీదికి నెట్టింది. పునఃప్రసారాల్లో ఆ చివరి పేర్లను తెరలో ఓ మూలకు నొక్కి, వాటి మీద రాబోయే కార్యక్రమం గురించి చెబుతుంటారు కనుక, అక్కడికి నెట్టిన పాటకూ రక్షణ లేదు.

నాకు అన్నిటికంటె నచ్చిన ఉపాయం ‘సైన్‌ఫెల్డ్’ది. ఆరంభంలో హాస్యనటుడు చెప్పే మాటల నిడివి ప్రతి వారం మారేది కనుక, స్వరకర్త జోనథన్ వుల్ఫ్ ఒక స్థిరమైన పాట కట్టకుండా, కీబోర్డు మీద పలికించిన బాస్ ముక్కలను, నోటితో చేసిన చప్పుళ్లను ఏ ఎపిసోడుకు ఆ ఎపిసోడు కొలతకు అమర్చేవాడు. ‘ఫ్రెండ్స్’ పాటకు జరిగింది తిరగబడ్డ వ్యవహారం: టీవీ కోసం చేసింది సుమారు 45 సెకన్లే, నాష్‌విల్‌లో ఒక రేడియో స్టేషన్ దాన్నే అతికించి పొడిగించి వేస్తే, శ్రోతలు ఎగబడిన తరువాత బృందం మిగతా చరణం రాసి పూర్తి పాట రికార్డు చేసింది. పొడుగు పాటను కోశారని మనం అనుకునేచోట అసలు పొడుగు పాటే లేకపోవచ్చు.

జవాబు – మల్కాజిగిరి సంగీతం టీచరు

కోశారా, వేగం పెంచారా అన్నది శ్రుతి చూస్తే చాలావరకు తెలుస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మును మన 25 ఫ్రేముల పద్ధతిలో నేరుగా నడిపితే నిమిషం పాట 57.6 సెకన్లలో అయిపోతుంది, శ్రుతి అరస్వరంలో దాదాపు ముప్పావు వంతు పెరుగుతుంది. అయితే శ్రుతి మారకుండా వేగం పెంచే యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి కనుక, లయను కూడా చేత్తో తాళం వేసి పోల్చండి.

చిక్కడపల్లి వాసి

అందరికీ కృతజ్ఞతలు. హార్మోనియం దగ్గర పెట్టుకుని సరిచూశాను. శ్రుతి, లయ రెండింటిలోనూ ఒక్కటే. ఎడిటరు గారు చెప్పినట్టు పల్లవి చివర, సరిగ్గా సమం మీదే కోశారు. రెండో తన్నుకు కాలు ఎత్తడం ఒక్క క్షణం కనిపిస్తుంది, వెంటనే నిర్మాత పేరు పడుతుంది.