బ్లాక్ చేసిన ఎల్ఫ్‌ని ట్యాప్ చేసి మానా తీయొచ్చా? (మ్యాజిక్: ద గ్యాదరింగ్ కార్డుల ఆట)

సగం_డెక్:
మ్యాజిక్ ఈమధ్యే మొదలుపెట్టాను. కార్డు చదివితే అర్థమైనట్టే ఉంటుంది, తీరా ఆటలో దిగితే కంబాట్ వచ్చినప్పుడల్లా వాదన. ఒకే ఆటలో మూడు డౌట్లు మిగిలిపోయాయి, కాస్త విడమర్చి చెప్పండి.

మొదటిది. నా 4/4 క్రీచర్‌తో (కొట్టే దెబ్బ 4, ఓర్చుకునేది 4) అటాక్ చేశాను, అవతలివాడు ఒక 2/2తో బ్లాక్ చేశాడు. వెంటనే లైట్నింగ్ బోల్ట్ (3 డ్యామేజ్ పెట్టే స్పెల్) వేసి ఆ 2/2ని లేపేశాను. అడ్డం పోయింది కదా, నా 4 డ్యామేజ్ వాడికే తగలాలి అంటే తగలదంటాడు.

రెండోది ఇంకా దారుణం. తర్వాతి నా టర్న్‌లో మళ్లీ అదే 4/4తో వెళ్లాను. ఈసారి లానోవార్ ఎల్వ్స్‌తో బ్లాక్ చేశాడు (1/1, ట్యాప్ చేస్తే, అంటే అడ్డంగా తిప్పితే, ఒక పచ్చ మానా ఇస్తుంది; స్పెల్స్ వేయడానికి ఖర్చుపెట్టేది మానానే). అది వాడు ముందు టర్న్‌లో దింపిందే. దాని మీద బోల్ట్ వేస్తే, వాడు ఆ ఎల్ఫ్‌నే ట్యాప్ చేసి, వచ్చిన మానాతో దాని మీదే జయంట్ గ్రోత్ (ఆ టర్న్‌కి +3/+3 ఇచ్చే స్పెల్) వేసి 4/4 చేసేశాడు. చివరికి రెండూ చచ్చాయి. ట్యాప్ అయి పడుకున్న క్రీచర్ తిరిగి ఎలా కొడుతుంది? అయినా బోల్ట్ ముందు వేసింది నేను కదా?

మూడోది చిన్నదే. అప్‌కీప్‌లోనే (టర్న్ మొదట్లో, కార్డు తీయకముందే) ల్యాండ్‌లన్నీ (మానా ఇచ్చే కార్డులు) ట్యాప్ చేసి, ఆ మానా మెయిన్ ఫేజ్‌లో వాడుకోవచ్చా?

నీలం_ఒక్కటే:
మొదటిదాంట్లో అవతలివాడిదే కరెక్ట్. బ్లాకర్లను ప్రకటించిన క్షణంలోనే మీ 4/4 'బ్లాక్ అయిన క్రీచర్' అయిపోయింది, ఆ కంబాట్ అయ్యేదాకా అది అలాగే ఉంటుంది. బ్లాకర్ చచ్చినా, చేతికి తిరిగి వెళ్లినా అంతే. ట్రాంపుల్ (బ్లాకర్‌ని చంపగా మిగిలిన డ్యామేజ్ ప్లేయర్‌కి పోయే గుణం) ఉంటే మాత్రం లెక్క వేరు, బ్లాకర్ లేదు కాబట్టి మొత్తం డ్యామేజ్ ప్లేయర్‌కే పోతుంది. దారి ఖాళీ చేయాలంటే బోల్ట్‌ని బ్లాక్ చెప్పకముందే వేయాలి, అంటే అటాకర్లను ప్రకటించాక వాడు బ్లాకర్లను చెప్పేలోపు. అక్కడ మీకు ఛాన్స్ ఉంటుంది, కొత్తవాళ్లు చాలామంది దాన్ని వదిలేసి బ్లాక్ పడ్డాక కంగారు పడతారు.

రెండోదానికొస్తే, ట్యాప్ అయిన క్రీచర్‌తో కొత్తగా బ్లాక్ చేయలేం, అటాక్ చేయలేం. కానీ ముందే బ్లాక్ చేసి తర్వాత ట్యాప్ అయితే దాని డ్యామేజ్‌కి ఏ ఢోకా లేదు, మామూలుగానే కొడుతుంది. ఇక ముందు ఎవరు వేశారన్నది కాదు, స్టాక్ మీద (వేసిన స్పెల్స్ పనిచేసేదాకా ఆగే చోటు) ఆఖరున పడిందే ముందు పనిచేస్తుంది. జయంట్ గ్రోత్ ముందు పనిచేసి ఎల్ఫ్ 4/4 అయింది, తర్వాత మీ బోల్ట్ 3 డ్యామేజ్ పెట్టింది, చావలేదు. ఆ 3 పోదు, టర్న్ అయ్యేదాకా దాని మీదే ఉంటుంది. తర్వాత కంబాట్‌లో అది మీకు 4, మీరు దానికి 4. అందుకే రెండూ పోయాయి. మానా తీయడానికి ఎల్ఫ్‌ని ట్యాప్ చేయడం స్టాక్ మీదికి రాదు కాబట్టి దానికి మీరు రెస్పాన్స్ ఇవ్వలేరు కూడా.

పాత_కార్డులు:
అప్‌కీప్‌లో ట్యాప్ చేయకండి బ్రో, వాడకుండా మిగిలిన ప్రతి మానాకి ఒక లైఫ్ పోతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి బ్లాక్ చేస్తే, వాళ్లలో ఎవరు ముందో ఎవరు తర్వాతో వరస కూడా అప్పుడే చెప్పేయాలి.

స్టాక్_మీద_స్టాక్:
పైన చెప్పిన రెండూ ఒకప్పటి రూల్స్. మానా బర్న్‌ని, అంటే ఆ లైఫ్ పోయే రూల్‌ని, 2009లోనే, మ్యాజిక్ 2010 రూల్స్‌తో తీసేశారు. ఇప్పుడు లైఫ్ పోదు, మానా మాత్రం పోతుంది. ప్రతి స్టెప్, ప్రతి ఫేజ్ ముగిసేటప్పుడు వాడని మానా ఖాళీ అయిపోతుంది, కాబట్టి అప్‌కీప్‌లో తీసింది డ్రా స్టెప్‌ దాకా కూడా రాదు. స్పెల్ వేసేటప్పుడే, దానికి ఎంత కావాలో అన్ని ల్యాండ్‌లే ట్యాప్ చేయండి. ఏ ల్యాండ్ ట్యాప్ చేస్తున్నారో కూడా చూసుకోండి. కార్డు మీద అంకె ఉన్నచోట ఏ రంగైనా చెల్లుతుంది, గుర్తు ఉన్నచోట ఆ రంగే కావాలి. అంకె కోసం పొరపాటున ఉన్న ఒక్క ఎర్ర ల్యాండ్‌నీ తీసేసి, చేతిలో బోల్ట్ పట్టుకుని దిక్కులు చూసేవాళ్లే ఎక్కువ.

బ్లాకర్ల వరస 2024 నవంబర్‌లో ఫౌండేషన్స్ సెట్‌తో పాటే పోయింది. తేడా ఎక్కడంటే, మీ 4/4ని రెండు 3/3లు బ్లాక్ చేశాయనుకోండి. పాత పద్ధతిలో మీరు ముందు చెప్పినదాని మీద అవతలివాడు జయంట్ గ్రోత్ వేస్తే అది 6/6, మీ 4 డ్యామేజ్ అంతా దాని మీదే పోయాలి, ఒక్కటీ చావదు. ఇప్పుడైతే డ్యామేజ్ వేళకి మీ ఇష్టమొచ్చినట్టు పంచుకోవచ్చు, ఆ 6/6ని వదిలేసి రెండో 3/3ని చంపేయొచ్చు. నాకైతే కొత్త పద్ధతే నచ్చింది, డిఫెండర్ వైపు ట్రిక్కులు కొంచెం చప్పబడ్డ మాట నిజమే అయినా. ట్రాంపుల్‌కి మాత్రం పాత షరతే, బ్లాకర్లందరికీ చావుకు సరిపడా పెట్టాకే మిగిలింది ప్లేయర్‌కి. దానికి డెత్‌టచ్ (కాస్త డ్యామేజ్ పడినా క్రీచర్‌ని చంపేసే గుణం) కూడా తోడైతే ఒక్కొక్కరికి 1 చాలు.

అది సరే, అసలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. @సగం_డెక్, ఆ ఎల్ఫ్‌ని వాడు మీకు ముందు జరిగిన టర్న్‌లోనే దింపాడా, అంతకంటే ముందా?

సగం_డెక్:
సరిగ్గా ముందు టర్న్‌లోనే. ఉన్న ల్యాండ్‌లన్నీ ఆ టర్న్‌లోనే ట్యాప్ చేసేశాడు, అందుకే ఎల్ఫ్ మీద పడ్డాడు.

స్టాక్_మీద_స్టాక్:
అయితే ఆ జయంట్ గ్రోత్ చెల్లదు. సమనింగ్ సిక్‌నెస్ అంటే 'వచ్చిన టర్న్‌లో అటాక్ చేయకూడదు' అని మాత్రమే చాలామంది గుర్తుపెట్టుకుంటారు. ట్యాప్ గుర్తు ఉన్న ఎబిలిటీలకీ అది అడ్డే. పైగా అది ఆ టర్న్‌తో పోదు, వాడి తర్వాతి టర్న్ మొదలయ్యేటప్పటికి ఆ క్రీచర్ వాడి దగ్గరే ఉండాలి, అప్పుడు గానీ పోదు. మీ టర్న్ నడుస్తున్నప్పుడు ఎల్ఫ్ ఇంకా కొత్తదే. బ్లాక్ చేయొచ్చు, అందులో తప్పు లేదు. మానా కోసం ట్యాప్ చేయడానికి మాత్రం లేదు, హేస్ట్ (ఈ సిక్‌నెస్ అడ్డు లేకుండా చేసే గుణం) ఇచ్చేదేమైనా ఉంటే తప్ప.

సగం_డెక్:
మరి ల్యాండ్ దించిన వెంటనే ట్యాప్ చేస్తాం కదా?

నీలం_ఒక్కటే:
ల్యాండ్ క్రీచర్ కాదు, దానికి ఈ బాధ లేదు. ఏదైనా కార్డు ఎఫెక్ట్‌తో ల్యాండ్ క్రీచర్‌గా మారితే మాత్రం వర్తిస్తుంది, అప్పుడే దించిన ల్యాండ్‌ని క్రీచర్ చేస్తే దాని మానా కూడా తీయలేరు.

సగం_డెక్:
అంటే బోల్ట్‌కి ఎల్ఫ్ చచ్చేది, వాడికి డ్యామేజ్ తగలకపోయినా నా 4/4 బతికేది. ఈ లింక్ వాడికి పంపిస్తున్నా.