ఓఆర్ఆర్ (ఆక్సిజన్ రిడక్షన్ రియాక్షన్) టెస్టులో కరెంటు సగమే వస్తోంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్

యశ్వంతపుర స్టూడెంట్: పొద్దున తొమ్మిదింటి నుంచి దీని మీదే కూర్చున్నా, ఇప్పుడు రాత్రి పదకొండు. ఫ్యూయల్ సెల్ కేథోడ్ కోసం చేసిన మెటీరియల్‌ని ఆర్డీఈ (తిరిగే డిస్క్ ఎలక్ట్రోడ్) మీద టెస్ట్ చేస్తున్నా. లిమిటింగ్ కరెంటు, అంటే వోల్టేజీ ఇంకా మార్చినా ఇక పెరగని కరెంటు, చదరపు సెంటీమీటరుకి 2.8 మిల్లీయాంప్‌లు దాటట్లేదు. పేపర్లలో అందరికీ 5.5 పైనే. ఇంక్ (డిస్క్ మీద పూసే మెటీరియల్ ద్రావణం) మూడుసార్లు మార్చా, డిస్క్ మళ్లీ పాలిష్ చేశా. యాక్టివిటీ ఎందుకింత తక్కువ? సోమవారం గైడ్‌కి చూపించాలి.

గిండీ నుంచి: ఆర్పీఎం ఎంత? 1600లో వచ్చేదాంట్లో సగమే 400లో వస్తుంది.

యశ్వంతపుర స్టూడెంట్: 1600 అండి. అందరూ వాడేది అదే కదా.

పాత ల్యాబు మనిషి: బాబూ, ముందు రెఫరెన్స్ ఎలక్ట్రోడ్ (వోల్టేజీ దేంతో పోల్చి కొలుస్తావో అది) సంగతి చెప్పు. సిల్వర్ క్లోరైడ్‌ది పెట్టావా? దాన్నుంచి క్లోరైడ్ కారి ప్లాటినం మీద కూర్చుంటుంది. క్షారంలో అయితే మెర్క్యురీ ఆక్సైడ్‌దే వాడాలి. కౌంటర్ ఎలక్ట్రోడ్‌కి (సర్క్యూట్ పూర్తిచేసే రెండో ఎలక్ట్రోడ్) ప్లాటినం తీగ పెడితే ఇంకా ప్రమాదం. అది కరిగి వచ్చి నీ శాంపిల్ మీద చేరుతుంది, నీ మెటీరియల్‌కి లేని గొప్ప వస్తుంది. గ్రాఫైట్ కడ్డీ పెట్టు. ఈ ఒక్క తప్పుతో నెలల డేటా పారేసినవాళ్లని చూశాను.

గిండీ నుంచి: రెఫరెన్స్ తప్పైతే గ్రాఫు పక్కకి జరుగుతుంది సార్, ఎత్తు సగమవ్వదు.

మల్లేశ్వరం అక్క: అసలు మెటీరియల్ ఏంటి తమ్ముడూ? ఎలక్ట్రోలైట్?

యశ్వంతపుర స్టూడెంట్: నైట్రోజన్ డోప్ చేసిన కార్బన్ అక్కా. 0.1 మోలార్ కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం). చెప్పాననుకున్నా.

మల్లేశ్వరం అక్క: ఇది మొదటే చెప్పాల్సింది. ఆక్సిజన్ హైడ్రాక్సైడ్ దాకా పోతే నాలుగు ఎలక్ట్రాన్లు, పెరాక్సైడ్ దగ్గరే ఆగిపోతే రెండే. నీ సగం అక్కడిదే కావచ్చు. దీన్ని యాక్టివిటీ అనకు, ఇది సెలెక్టివిటీ, అంటే రియాక్షన్ ఏ దారిలో పోతుందన్నది. యాక్టివిటీకి హాఫ్ వేవ్ పొటెన్షియల్ (కరెంటు లిమిటింగ్‌లో సగానికి చేరే వోల్టేజీ) చూడాలి. ఇంకోటి, ఇంక్ ఆరాక అంచుల్లో పేరుకుని మధ్యలో ఖాళీ ఉందేమో చూడు. కింది గ్లాసీ కార్బన్ బయటపడితే అదీ పెరాక్సైడే చేస్తుంది. రేపు అదే సెటప్‌లో కమర్షియల్ ప్లాటినం కార్బన్ (అందరూ పోల్చుకునే కేటలిస్ట్) పెట్టు. దానికీ సగమే వస్తే తప్పు సెటప్‌ది. 5.5 రాలేదని మాత్రం బెంగపడకు, మన బెంగళూరు 900 మీటర్ల ఎత్తు. గాలి పీడనం పదో వంతు తక్కువ, కరిగే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది.

గిండీ నుంచి: రింగ్ డిస్క్‌తో (డిస్క్ చుట్టూ ఇంకో రింగు ఉండే ఎలక్ట్రోడ్) పెరాక్సైడ్ కొలవకుండా సెలెక్టివిటీ అని తేల్చేయకూడదండి.

మల్లేశ్వరం అక్క: తేల్చలేదు, కావచ్చు అన్నాను. రింగు లేకపోతే నాలుగు వేగాల్లో తిప్పి కౌటెకీ లెవిచ్ గ్రాఫు గీసి ఎలక్ట్రాన్లు ఎన్నో లెక్కేయొచ్చు.

గిండీ నుంచి: మందంగా, పోరస్‌గా ఉన్న పొర మీద ఆ లెక్క నమ్మలేం.

యశ్వంతపుర స్టూడెంట్: ప్లాటినం కార్బన్‌కి 5.1 వచ్చింది. నాదానికి మళ్లీ 2.9. పొర మైక్రోస్కోప్‌లో నిండుగానే ఉంది. రింగ్ డిస్క్ పక్క ల్యాబులో అడుగుతా. థాంక్స్ అక్కా.

పాత ల్యాబు మనిషి: కౌంటర్ మార్చావా లేదా?