మన బాపట్ల సన్నాలకు జన్యువు మార్చారట, ఇలాంటివి మనల్ని అడిగే చోటు ఏదైనా ఉందా?

కొత్తపేట బియ్యంకొట్టు (గుంటూరు):

నమస్తే అండి. గుంటూరు కొత్తపేటలో మాది బియ్యం కొట్టు. నాన్న తర్వాత నేనే చూసుకుంటున్నా, పద్దెనిమిదేళ్లయింది. చదువు బీకాం దగ్గర ఆగింది. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మొన్న ఒక మాస్టారు వచ్చారు. ఎప్పుడూ మా దగ్గర తీసుకునే మనిషే. సంచిలోకి ఇనుప గొట్టం గుచ్చి తీసిన బియ్యం అరచేతిలో పోయించుకున్నారు. ఉఫ్ మని ఊదారు. నాలుగు గింజలు పంటి కింద వేసుకుని టక్కుమనిపించారు. పాతవో కొత్తవో ఆయనకు ఆ చప్పుడే చెబుతుంది. అంతా అయ్యాక అడిగారు: "ఏమయ్యా, ఇవి ఆ జన్యువు మార్చినవి కావు కదా?"

కావండీ అన్నాను. అనేశాను గానీ నాకేం తెలుసు? నూక ఎంతో చెప్పగలను, ఎన్ని నెలల నిలవో చెప్పగలను. జన్యువు పంటి కింద తగలదు కదా.

ఆ రాత్రి కొట్టు కట్టేశాక ఫోన్లో కూర్చున్నా. 2025 మే 4న ఢిల్లీలో జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలు ప్రకటించారు. అందులో ఒకటి కమల, డీఆర్ఆర్ ధాన్ 100. దాన్ని తయారుచేసింది హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ. దేని నుంచి అనుకున్నారు? మన సాంబ మసూరి నుంచి! అదేనండీ, బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్ల. 1986లో వచ్చిన రకం, నేను ఒకటో క్లాసు కూడా చేరని రోజులు. మా కొట్టు నడుస్తోందే దాని మీద. 26 కిలోల బస్తా అని బోర్డు ఉంటుంది చూడండి (25 వరకే జీఎస్టీ కాబట్టి మిల్లుల వాళ్లు ఒక కిలో పెంచారు, ఆ కథ మళ్లీ ఎప్పుడైనా), ఆ బస్తాల్లో సగం అదే.

ఇంకొకటి చదివి ఆగిపోయా. ఇలా బయటి జన్యువు పెట్టకుండా ఉన్నదాన్నే సవరించిన పంటలకు, జీఎం పంటలకు (అంటే బయటి జన్యువు పెట్టినవాటికి) ఉండే పెద్ద పరిశీలన అక్కర్లేదని 2022 మార్చిలోనే కేంద్రం మినహాయింపు ఇచ్చింది. సరే, వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి. ఆ మాట నిర్ణయించే ముందు తినేవాడిని, పండించేవాడిని ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా?

కొన్నేళ్ల కింద ఒక బిల్లు మీద అభిప్రాయాలు పంపమని పార్లమెంటు కమిటీ పేపర్లో ప్రకటన ఇస్తే నేనూ రాశా. ఇంగ్లీషు గానీ హిందీ గానీ అన్నారు. మా మేనల్లుడి చేత రెండు పేజీలు ఇంగ్లీషులో రాయించి రిజిస్టర్ పోస్టు చేశా. అందినట్టు కార్డు తిరిగొచ్చింది. అంతే. ఆ కార్డు ఇప్పటికీ కొట్లో క్యాలెండర్ మేకుకు గుచ్చి ఉంది.

సైంటిస్టులతో నాకు పేచీ లేదు. సైన్సు విషయాల్లో పార్లమెంటు మామూలు జనాన్ని పిలిచి మాట్లాడే పద్ధతి మన దగ్గర గానీ, ఇంకెక్కడైనా గానీ ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

సత్యనారాయణపురం తాతయ్య (విజయవాడ):

బాబూ, ముప్పై ఏళ్లు సర్కారు గుమస్తాగిరీ చేశాను కాబట్టి ఫైలు ఎలా కదులుతుందో కొంత తెలుసు.

పార్లమెంటులో శాఖల వారీగా స్థాయీ సంఘాలు ఉంటాయి. 1993 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. ఇప్పుడు 24. ఒక్కో దాంట్లో 31 మంది సభ్యులు, 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ. నువ్వు పంపిన కాగితం అక్కడికే వెళ్తుంది. అలాంటివి వందలు వేలు వస్తాయి. కొందరిని సాక్ష్యానికి పిలుస్తారు. ఎక్కువగా సంఘాలవాళ్లు, కంపెనీలవాళ్లు, ప్రొఫెసర్లు. కొట్టువాడి ఉత్తరం కట్టలో చేరుతుంది, నిజమే. అయినా చెత్తబుట్ట మాత్రం కాదు.

పనిచేసిన సందర్భమూ ఉంది. 2012 ఆగస్టులో వ్యవసాయ స్థాయీ సంఘం జీఎం పంటల మీద నివేదిక ఇచ్చింది. బాసుదేవ్ ఆచార్య అధ్యక్షుడు. ఆ సంఘం ఢిల్లీలోనే కూర్చోలేదు. విదర్భ వెళ్లి పత్తి రైతులతో మాట్లాడింది. పొలాల్లో ప్రయోగాలు ఆపమంది. అన్ని పార్టీలవాళ్లూ కలిసి సంతకం పెట్టిన నివేదిక అది. కాకపోతే సంఘం చెప్పినదానికి ప్రభుత్వం కట్టుబడాలని లేదు.

అమెరికాలో చట్టసభ కోసమే టెక్నాలజీని బేరీజు వేసే ఆఫీసు ఒకటి 1972లో పెట్టి 1995లో డబ్బు ఆపేశారు. బ్రిటిష్ పార్లమెంటుకు 1989 నుంచి ఉంది. మన పార్లమెంటుకు అలాంటి ప్రత్యేక ఆఫీసు లేదు.

---

వరిగింజ (బాపట్ల):

అన్నా, నేను వరి బ్రీడింగ్‌లోనే పనిచేస్తా, సంస్థ పేరు వద్దు. ముందు మీ మాస్టారికి చెప్పండి, మీ బస్తాలో ఉన్నది మామూలు సాంబే. రకం ప్రకటించినంత మాత్రాన మర్నాడు మిల్లుకి రాదు.

కమలలో చేసింది ఏమిటంటే, కంకిలో గింజల సంఖ్యను అదుపులో పెట్టే ఒక జన్యువు సాంబలోనే ఉంది, దాని పని తగ్గించారు. అందుకే గింజలు ఎక్కువ. దిగుబడి 19 శాతం పెరుగుతుందని, ఇరవై రోజులు ముందు కోతకొస్తుందని ప్రకటనలో ఉంది. ఇరవై రోజులంటే కాలవ చివర ఉన్న రైతుకు ఎన్ని తడులు మిగులుతాయో లెక్కేయండి.

ఇక అడగడం సంగతి. టీఏజీ 24 వేరుశనగ తింటున్నాం కదా, దాని పుట్టుక వెనక భాభా అణుకేంద్రంలో రేడియేషన్‌తో చేసిన మార్పులున్నాయి. అప్పుడు ఎవరూ అడగలేదు, ఎవరూ గొడవ చేయలేదు. జన్యువు పనిచేస్తుందో లేదో చేతులెత్తించి తేలుస్తామా? కొంచెం కోపంగా రాస్తున్నాననుకోవద్దు. టీవీ చర్చల తర్వాత మా అమ్మే నన్ను అనుమానంగా చూసింది.

---

మిర్చి ల్యాబ్ (గుంటూరు):

వరిగింజ గారూ, చేతులెత్తించడం గురించి ఇక్కడ ఎవరూ అనలేదండీ. డెన్మార్క్‌లో ఏం చేశారో చెబుతా, నేను ఫుడ్ సైన్స్ అక్కడే చదివాను.

1986లో అక్కడి పార్లమెంటు ఒక టెక్నాలజీ బోర్డు పెట్టింది. మరుసటి ఏడాది నుంచి వాళ్లు నడిపిన సభల పద్ధతి ఇది. ఆ విషయంతో సంబంధం లేని మామూలు మనుషులు సుమారు పధ్నాలుగు మంది. రెండు వారాంతాలు కలిసి కూర్చుని చదువుకుంటారు. ఏ ప్రశ్నలు అడగాలో వాళ్లే రాస్తారు. ఏ నిపుణులు కావాలో ఎంచుకోవడంలో వాళ్ల మాట ఉంటుంది. తర్వాత మూడు నాలుగు రోజుల బహిరంగ సభ. సైంటిస్టు జవాబు చెప్పాలి, కంపెనీవాడు చెప్పాలి. ఆఖర్న ఆ పధ్నాలుగు మందే కూర్చుని నివేదిక రాస్తారు. నిపుణులు అందులో లెక్క తప్పు, విషయం తప్పు ఉంటే దిద్దవచ్చు, అభిప్రాయం మార్చడానికి లేదు. అది ఎంపీల చేతికి, పత్రికలకు వెళ్తుంది.

1989లో ఆహారాన్ని రేడియేషన్‌తో శుద్ధి చేయడం మీద ఇలాంటి సభ పెట్టారు. వద్దన్నారు, ఒక్క ఎండు మసాలా దినుసులకు తప్ప! పార్లమెంటు కూడా దాదాపు అదే దారి పట్టింది. మొదటిసారి క్లాసులో ఇది విన్నప్పుడు నవ్వొచ్చింది. ఎందుకంటే ఎండు మిరప సంచిలో ఏముంటుందో గుంటూరు పిల్లనైన నాకు తెలుసు. కళ్లంలో నేల మీద ఆరబోసినది, రాత్రి మంచు పడినది, బూజు పట్టే అవకాశం ఉన్నది. మసాలాను వేరుగా చూడాలన్న తేడా పట్టుకోవడానికి వాళ్లు సైంటిస్టులు కానక్కర్లేకపోయింది.

అయితే ఇదేదో స్వర్గం అనుకోకండి. 2011 ఆఖరుకు అక్కడి ప్రభుత్వమే ఆ బోర్డుకు నిధులు ఆపేసింది. ఇప్పుడు ఫౌండేషన్‌గా నడుస్తోంది.

మన దగ్గరా ఒకసారి జరిగింది. 2001లో జహీరాబాద్ దగ్గర ఆల్గోల్ గ్రామంలో, పేరు ప్రజాతీర్పు. 19 మంది జ్యూరీ, ఎక్కువగా చిన్న రైతులు, అందులోనూ ఆడవాళ్లు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అభివృద్ధి ప్రణాళిక విజన్ 2020లో ఊహించిన వ్యవసాయంతో పాటు ఇంకో రెండు దారులు వీడియోల్లో చూపించి, సాక్షులను పిలిచి విచారణ చేయించారు. యంత్రాలు, జీఎం పంటలు వద్దన్నారు. సాక్షుల ఎంపికే ఒక వైపుకు ఒరిగిందని తర్వాత పెద్ద రగడ. ఆ రగడ బ్రిటన్ దాకా వెళ్లింది, విజన్ 2020కి అక్కడి సాయం ఉంది కాబట్టి. ఆ విమర్శలో కొంత నిజం ఉందనే నేననుకుంటా. అదీగాక ఆ తీర్పు మన అసెంబ్లీ అడిగింది కాదు, అందుకే గాల్లో ఉండిపోయింది.

---

తాడికొండ రైతు:

2010లో బీటీ వంకాయ (అదీ జీఎం పంటే) మీద అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ ఏడు నగరాల్లో సభలు పెట్టినప్పుడు హైదరాబాదు సభకు మా ఊరినుంచి ఐదుగురం వెళ్లాం. మైకు కోసం తోపులాట. అరిచినవాడిదే మాట. నా వంతు రానేలేదు. రాత్రి బస్సులో తిరిగొస్తూ మా పెదనాన్న అన్నాడు, "మన పక్కవాడు అరిస్తే సంబరం, అవతలివాడు అరిస్తే రౌడీతనం, అంతేనా?" ఫిబ్రవరి 9న వంకాయ ఆపారు, మాకు నచ్చిన నిర్ణయమే. కానీ ఆ రోజు నేను నేర్చుకున్నది ఒక్క ముక్క కూడా లేదు. ఆ మిర్చి అమ్మాయి చెప్పిన రెండు వారాంతాల చదువు ఉంటే బాగుండేది.

---

కొత్తపేట బియ్యంకొట్టు (గుంటూరు):

అందరికీ థాంక్స్ అండి. తాతయ్య గారూ, కార్డు మేకు మీంచి తీయనులెండి. వరిగింజ తమ్ముడూ, ఇరవై రోజుల సంగతి నాకు నిజంగా తెలియదు, అది విన్నాక కమల మీద కోపం సగం తగ్గింది.

మిర్చి ల్యాబ్ అక్కా, ప్రశ్నలు జనమే రాస్తారన్న ముక్క పట్టుకున్నా. నిన్నటి నుంచి ఖాతా పుస్తకం వెనక పేజీలో కొట్టుకొచ్చినవాళ్లు ఏం అడుగుతున్నారో రాస్తున్నా. షుగరున్నవాళ్లు తినొచ్చా? బస్తా మీద పేరు రాస్తారా? దాచుకున్న విత్తనం మళ్లీ వేసుకోవచ్చా, కొనాల్సిందేనా? కంకి బరువుకు చేను పడిపోదా? ఇది అడిగినాయన లారీ డ్రైవరు. ఒకావిడ అయితే, ఎక్కువ పండితే కిలో రేటు తగ్గుతుందా, మీరు తగ్గిస్తారా అని నన్నే నిలదీసింది. అదీ రాశాను.

పదకొండు అయ్యాయి. జన్యువు మంచిదా చెడ్డదా అని అడిగినవాళ్లు ఇద్దరే. మాస్టారు పొద్దున్నే వచ్చి పన్నెండోది చెప్పి వెళ్లారు: ఆ బియ్యానికి గంజి చిక్కగా వస్తుందా అని. తమ్ముడూ, ఇది మాత్రం నువ్వే వండి చెప్పాలి.