వరి కోసిన మాగాణిలో పిల్లిపెసర: ఎప్పుడు చల్లాలి, ఎప్పుడు కోయాలి?

మాగాణి_తెనాలి: సార్వా (ఖరీఫ్ వరి) కోతకొస్తోంది. నల్లరేగడి, దాళ్వాకు (రబీ వరికి) కాలవ నీళ్లు రావు. గేదెలకు పచ్చిమేత, చేనుకు ఎరువు రెండూ దక్కాలి. పిల్లిపెసరా, అలసందా?

డెల్టా_రైతు: పిల్లిపెసరే అండి. అలసంద ఒక్క కోతతో సరి, ఇది కోశాక మళ్లీ చిగురిస్తుంది. ఎకరాకు 10–12 కిలోలు. చేతికోతైతే 2–3 రోజుల ముందు నిలబడ్డ వరిలోనే చల్లేయండి. కాలు దిగబడకూడదు, అరికాలికి చెమ్మ తగలాలి, అదీ పదును. నీళ్లు నిలిచిన మడిలో గింజ కుళ్లిపోతుంది.

కోతమిషను: మిషను కోతకు ఆ లెక్క పనికిరాదు. చక్రాల కింద మొలక నలిగిపోతుంది. మిషను వెళ్లిన రోజే చల్లి, అది వదిలిన గడ్డి వరసలను పలచగా చెదరగొట్టండి. లేకపోతే ఆ వరసల వెంబడే చేను చారలు చారలుగా ఖాళీగా ఉంటుంది.

మట్టిమనిషి: గింజకు రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా) పట్టించకుండా చల్లొద్దు. 100 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల బెల్లం మరిగించి, పూర్తిగా చల్లారాక 8 కిలోల గింజను దాంతో తడిపి, 200 గ్రాముల రైజోబియం పొడి కలిపి నీడన ఆరబెట్టాలి. పాకం వేడిగా ఉంటే బాక్టీరియా చస్తుంది. నెల దాటాక ఒక మొక్కను మట్టిగడ్డతో సహా పెకలించి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే నత్రజని పడుతోంది. తెల్లగా ఉంటే పట్టడం లేదు.

మాగాణి_తెనాలి: గేదెలను నేరుగా చేలోకి తోలొచ్చా అండి?

పశువైద్యం: ఆకలి మీద, మంచు ఆరకముందు అస్సలు తోలకండి. ముందు వరిగడ్డి తిననివ్వాలి. కోసి వేసేటట్లయితే పూతకొచ్చాక కోసి, కొన్ని గంటలు వాడనిచ్చి, గడ్డిలో కలిపి వేయండి. లేత పచ్చిమేత ఒక్కటే మేస్తే పొట్టలో నురగ కట్టి గ్యాసు బయటికి రాదు. ఎడమ డొక్క ఉబ్బి, తడితే డప్పులా మోగుతుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవాలి. నూనె తాగించేవాళ్లు పశువు తల పైకెత్తి పోస్తారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చాలా ప్రమాదం.

డెల్టా_రైతు: ఎండుమేత చేసేవాళ్లు ఒక్కటి చూసుకోండి, కరకరలాడేలా ఎండితే ఆకంతా రాలి పుల్లలే మిగులుతాయి. మాంసకృత్తులు ఆకులోనే ఎక్కువ. అందుకే పొద్దున్నే, ఆకు మెత్తగా ఉండగానే మోపు కట్టాలి. ఇక మళ్లీ చిగిర్చింది పూతకు రాగానే, కాడ ముదరకముందే, ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి తడి మీద కలియదున్నండి. నాట్లకు ముందు రెండు వారాలైనా కుళ్లనివ్వాలి.