ఇండియాలో ఉన్న ఆండ్రాయిడ్‌కి వచ్చే ఓటీపీలు అమెరికాలో ఐఫోన్‌కి రప్పించడం ఎలా?

బెజవాడ_బండి:
నా ఇండియా సిమ్ విజయవాడ ఇంట్లో పాత శాంసంగ్‌లో ఉంది. డాలస్‌లో వాడేది ఐఫోన్. బ్యాంకు ఓటీపీ కావాలంటే ప్రతిసారీ నాన్నగారికి ఫోన్ చేసి చదివించుకోవాలి. ఇక్కడ మధ్యాహ్నమైతే అక్కడ అర్ధరాత్రి. ఐఫోన్‌లో 'టెక్స్ట్ మెసేజ్ ఫార్వర్డింగ్' అనే సెట్టింగ్ ఉంది కానీ అందులో శాంసంగ్ కనిపించడం లేదు. డబ్బు కట్టకుండా కుదిరే దారి ఉంటే చెప్పండి.

తీగల_వంతెన:
ఆ సెట్టింగ్‌లో శాంసంగ్ ఎప్పటికీ కనిపించదండి. ఐఫోన్‌కి వచ్చిన మెసేజ్‌లను అదే యాపిల్ ఖాతాలో ఉన్న మ్యాక్‌కో ఐప్యాడ్‌కో పంపడానికే అది. మీకు కావాల్సింది ఎదురు దిశ, అది తేలిక కూడా. అనుమతి ఇస్తే ఆండ్రాయిడ్‌లో యాప్ ఎస్ఎంఎస్‌ని చదవగలదు. కాబట్టి పనంతా శాంసంగ్‌లోనే: అక్కడి యాప్ ఓటీపీని టెలిగ్రామ్ బాట్ (ప్రోగ్రామ్‌తో నడిచే ఖాతా) ద్వారా మీకు పంపుతుంది. ఐఫోన్‌లో టెలిగ్రామ్ ఉంటే చాలు.

టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్‌ని (కొత్త బాట్‌లు తయారుచేసే టెలిగ్రామ్ సొంత బాట్) తెరిచి 'న్యూబాట్' కమాండ్ ఇవ్వండి. పేరు అడిగి, చివర్లో ఒక టోకెన్ ఇస్తుంది. ఆ టోకెన్ తాళంచెవితో సమానం, ఎవరికీ చూపించకండి. తర్వాత మీ కొత్త బాట్‌ని తెరిచి 'స్టార్ట్' నొక్కండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు: మీరు ముందు పలకరించకపోతే బాట్ తనంతట తాను మీకు మెసేజ్ పంపలేదు. టోకెన్‌తో కూడిన బాట్ ఏపీఐ లింకు చివర 'గెట్‌అప్‌డేట్స్' అని పెట్టి బ్రౌజర్‌లో తెరిస్తే మీ చాట్ నంబర్ దొరుకుతుంది.

శాంసంగ్‌లో ప్లేస్టోర్ నుంచి మ్యాక్రోడ్రాయిడ్ ('ఇది జరిగితే అది చెయ్యి' అనే నియమాలు, అంటే మ్యాక్రోలు, నడిపే యాప్) వేయించండి. ట్రిగ్గర్‌గా (మ్యాక్రోని కదిలించేది) 'ఎస్ఎంఎస్ రిసీవ్డ్', యాక్షన్‌గా (అప్పుడు చేసే పని) 'హెచ్‌టీటీపీ రిక్వెస్ట్', మెథడ్ పోస్ట్. చాట్ నంబర్, మెసేజ్ రెండూ విడిగా ఉన్న పారామీటర్ల గడుల్లో పెట్టాలి. లింకులోనే మెసేజ్ అతికిస్తే, అందులో ఆంపర్‌సాండ్ గుర్తు వచ్చిన చోట మిగతా భాగం తెగిపోతుంది. పార్స్ మోడ్ (అక్షరాల అలంకరణ గుర్తులు చదివే పద్ధతి) ఖాళీగా వదలండి. మార్క్‌డౌన్ పెడితే, మెసేజ్‌లో ఒంటరి అండర్‌స్కోర్ వచ్చినా టెలిగ్రామ్ 400 ఎర్రర్ ఇచ్చి తిప్పికొడుతుంది.

పంపినవారి పేరుతో ఫిల్టర్ పెట్టకండి. మన దగ్గర బ్యాంకు హెడర్‌లో (మెసేజ్ పైన కనిపించే పంపినవారి పేరు) మొదటి అక్షరం ఆపరేటర్‌ది, రెండోది సర్కిల్‌ది (టెలికాం ప్రాంతం). అందుకే ఒకే బ్యాంకు మెసేజ్ ఇవాళ ఒక పేరుతో, రేపు ఇంకో పేరుతో వస్తుంది. మెసేజ్‌లో ఓటీపీ అనే మాట ఉంటే పంపు అని పెట్టండి. కొన్ని బ్యాంకులు 'వన్ టైమ్ పాస్‌వర్డ్' అని పూర్తిగా రాస్తాయి, దానికి ఇంకో మ్యాక్రో. ఉచిత వెర్షన్‌లో 5 మ్యాక్రోలు పెట్టుకోవచ్చు.

మీటర్_రీడింగ్:
సెటప్ అంతా సరిగ్గానే ఉంటుంది, పది రోజులకి ఆగిపోతుంది. ఎందుకో చూడండి.

శాంసంగ్ వాడని యాప్‌ని నిద్రపుచ్చుతుంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లో 'నెవర్ ఆటో స్లీపింగ్ యాప్స్' జాబితాలో మ్యాక్రోడ్రాయిడ్‌ని చేర్చండి. యాప్ ఇన్ఫోలో, వాడకపోతే అనుమతులు తీసేసే మీట ఒకటి ఉంటుంది, అదీ ఆపేయాలి. లేకపోతే కొన్ని నెలలకి ఎస్ఎంఎస్ అనుమతి చడీచప్పుడు లేకుండా పోతుంది.

రీస్టార్ట్ ఇంకో గండం. స్క్రీన్ లాక్ ఉన్న ఫోన్ రీస్టార్ట్ అయితే, ఒకసారి పిన్ కొట్టేదాకా ఇలాంటి యాప్‌లు లేవవు. ఆటో రీస్టార్ట్, రాత్రిపూట సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రెండూ ఆఫ్ చేయించండి.

కరెంటు పోతే వైఫై పోతుంది. ఆ నిమిషంలో వచ్చిన ఓటీపీ ఫోన్‌లోనే ఉండిపోతుంది, రిక్వెస్ట్ విఫలమైతే మ్యాక్రో దానంతటది మళ్లీ పంపదు. మొబైల్ డేటా కూడా ఆన్‌లో ఉంచండి. ఎప్పుడూ ఛార్జర్‌కే ఉంటే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది, కాబట్టి ఛార్జింగ్ పరిమితి సెట్టింగ్ ఉంటే పెట్టండి. వెనక మూత కొంచెం లేచినట్టు కనిపిస్తే ఆ ఫోన్ పక్కన పెట్టేయాల్సిందే.

గూగుల్ మెసేజెస్‌లో ఆర్‌సీఎస్ (ఇంటర్నెట్ మీద నడిచే మెసేజ్‌లు) ఆపండి. ఆర్‌సీఎస్‌లో వచ్చినది ఎస్ఎంఎస్ కాదు, ట్రిగ్గర్ కదలదు. ఈ నంబర్ గతంలో ఐఫోన్‌లో వాడి ఉంటే, యాపిల్ సైట్‌లో ఐమెసేజ్ (యాపిల్ సొంత మెసేజ్ సేవ) నుంచి నంబర్ తీసేయించాలి. లేకపోతే ఐఫోన్ వాళ్లు పంపినవి ఈ ఫోన్‌కి చేరవు.

నోటిఫికేషన్లు చదివి పంపే యాప్‌లు వద్దు. ఆండ్రాయిడ్ 15 నుంచి అలాంటి యాప్‌లకు ఓటీపీ ఉన్న నోటిఫికేషన్‌లో అసలు విషయం కనిపించదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే (ప్లేస్టోర్ బయటి యాప్ ఫైల్) అయితే అస్సలు వద్దు. చలాన్ పేరుతో, పెళ్లిపత్రిక పేరుతో తిరిగే దొంగ ఏపీకేలు చేసేదీ ఇదే పని, కాకపోతే ఓటీపీ వెళ్లేది వాళ్ల ఫోన్‌కి.

బెజవాడ_బండి:
చాలా థాంక్స్ అండి. ఇంకో ప్రశ్న. అమ్మది ఐఫోన్, దానికి వచ్చే గ్యాస్, బ్యాంకు మెసేజ్‌లు నాన్నగారి ఆండ్రాయిడ్‌కి కూడా వెళ్లాలంటే?

తీగల_వంతెన:
ఐఫోన్‌లో ఎస్ఎంఎస్ ఇన్‌బాక్స్ చదవడానికి బయటి యాప్‌లకి అనుమతి లేదు. ఉన్న దారి షార్ట్‌కట్స్ యాపే. ఆటోమేషన్‌లో 'మెసేజ్' ఎంచుకుని, 'మెసేజ్ కంటెయిన్స్' దగ్గర మాట రాసి, 'రన్ ఇమీడియట్లీ' పెట్టండి (ఐఓఎస్ 17 లేదా ఆపైన). యాక్షన్‌గా 'సెండ్ మెసేజ్', గ్రహీత నాన్నగారి నంబర్, వచనం 'షార్ట్‌కట్ ఇన్‌పుట్'. 'షో వెన్ రన్' ఆఫ్ చేయకపోతే ప్రతిసారీ అడుగుతూ కూర్చుంటుంది. ఒక్కో మాటకి ఒక్కో ఆటోమేషన్ కావాలి.

అమ్మగారు రోజూ వాడే ఫోన్ కాబట్టి ఇబ్బంది లేదు. ఎవరూ ముట్టని ఐఫోన్ అయితే, ఐఓఎస్ 18.1 నుంచి మూడు రోజులు అన్‌లాక్ చేయకపోతే అదే రీస్టార్ట్ అవుతుంది. ఆ తర్వాత పాస్‌కోడ్ కొట్టేదాకా ఆటోమేషన్ నడవదు.

రెండో_సిమ్:
ఇంత తంటా ఎందుకు? బాట్ చాట్‌లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ కావు. ఓటీపీ ఎవరితోనూ పంచుకోవద్దని బ్యాంకులు మొత్తుకుంటాయి, మీరు దాన్ని టెలిగ్రామ్ సర్వర్ గుండా పంపుతున్నారు. ఇండియా నంబర్‌ని ఈసిమ్‌గా (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) మార్చి డాలస్ ఐఫోన్‌లోనే రెండో లైన్‌గా పెట్టుకోండి. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్‌లో, ఆ లైన్‌కి డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉండాలి. ఎస్ఎంఎస్ అందుకోవడానికి మామూలుగా ఛార్జీ ఉండదు, కానీ ఎవరైనా ఆ నంబర్‌కి కాల్ చేస్తే ఎత్తకండి, రోమింగ్ రేటు పడుతుంది. మీ ప్లాన్‌కి ఏది వర్తిస్తుందో ముందే కనుక్కోండి.

మార్పిడి ఇండియా వచ్చినప్పుడే చేయించండి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. తిరుగు విమానానికి ముందురోజు పెట్టుకోకండి.

బెజవాడ_బండి:
అప్పటిదాకా బాట్‌తో లాగిస్తాను. యూపీఐ కూడా దీంతో పనిచేస్తుందా?

రెండో_సిమ్:
చేయదు. యూపీఐ రిజిస్ట్రేషన్‌లో ఎస్ఎంఎస్ మీ ఫోన్‌లోని సిమ్ నుంచే బయటికి వెళ్లాలి. లోపలికి వచ్చేది ఎన్నిసార్లు ఫార్వర్డ్ చేసినా ఉపయోగం లేదు. ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాస భారతీయుల బ్యాంకు ఖాతాలు) ఉంటే, అమెరికా నంబర్‌తోనే యూపీఐకి 2023లో ఎన్‌పీసీఐ (యూపీఐ నడిపే సంస్థ) వీలు కల్పించింది. మీ బ్యాంకు ఇస్తోందో లేదో అడగండి.